తలుపు దాటిన ఉరుము



ఈ టపా వ్రాయాలని మొదట కూర్చొన్ననాడు నా మనసులో ఉన్న శీర్షిక వేరు. అది నలుగురిలో చెప్పదగినది కాదు. నెల రోజులు గడిచాయి. కోపం కొంత దిగింది. నాకు తెలియని సంగతులు కొన్ని తెలిశాయి. తిట్టవలసినదానిని మాత్రమే తిట్టగల స్థితికి వచ్చాననిపించి ఇప్పుడు వ్రాస్తున్నాను.

సాయంత్రంపూట మా ఇంటి అరుగు మీద నలుగురైదుగురు పిల్లలు చదువుకొంటారు. ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన బడి అదే. వారిలో పదవ తరగతి అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల ఇల్లు మడకశిర పెద్దవీధిలో. అక్కడ చదువు సాగదని మా సందుకు వస్తుంది. ఆ రోజు పోతనగారి సీసపద్యం ఒకటి అప్పజెబుతోంది. సీసం సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఊపిరి ఎక్కడ నిలపాలో, ఎక్కడ విడవాలో తెలియకపోతే నడుమ చతికిలబడతాము. మూడవ పాదం సగంలో ఉండగా కిటికీ అద్దాలు అదిరాయి. గూట్లో బోర్లించిన స్టీలు లోటాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ వెంటనే, అరుగు బండలలోనుంచి పుట్టినట్లుగా, దుబ్బు దుబ్బుమని దెబ్బలు. వీధిలో ఒక తెల్లకారు పోతోంది. అందులో ఏ పాట మోగుతోందో నాకు తెలియదు. మాకు పాట వినబడలేదు. దెబ్బలే వినబడ్డాయి. అమ్మాయి ఆగిపోయింది. కారు మలుపు తిరిగాక మళ్లీ మొదటినుంచి ఎత్తుకొంది. రెండవ పాదం పూర్తి కాకముందే అదే కారు వెనక్కి వచ్చింది.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగి ఆ కారు అద్దం మీద కొట్టాను. అద్దం దిగింది. లోపల ఉన్నవాడు నా శిష్యుడే. ఎనిమిదవ తరగతిలో ఛందస్సు అంటే బల్ల కింద దూరినవాడు. బెంగుళూరులో టాక్సీ నడిపి, నాలుగు డబ్బులు కూడబెట్టి, సొంతకారుతో ఊరికి వచ్చాడు. నేను అనవలసినవన్నీ అన్నాను. వాడు తల వంచుకొని విని, చివరకు ఒక మాట అన్నాడు: "సార్, ఒక్కసారి లోపల కూచోండి. కూచొని విన్నాక ఏమన్నా అనండి, పడతాను."

కూర్చొన్నాను. సినిమాపాట వద్దు, కచేరీ ఏదైనా ఉంటే పెట్టమన్నాను. ఫోనులో వెదికి ఒక గాత్రకచేరీ పెట్టాడు. మిత్రులారా, నిజం చెప్పకపోతే ఈ టపాకు విలువ లేదు. ఎన్నో ఏళ్లుగా నేను మృదంగాన్ని టీవీలోనూ, ఫోనులోనూ, ఇంట్లోని చిన్నపెట్టెలోనూ వింటున్నాను. విన్నది సగం మృదంగమే అని ఆ రోజు తెలిసింది. కుడివైపు చప్పుడు మాత్రమే నాకు దక్కుతూ వచ్చింది. ఎడమవైపు తొప్పి, రవ్వముద్ద అతికించిన ఆ మూతి గుమ్మని పలికే పలుకు, పడుచువయసులో హిందూపురంలో వేదిక ముందు చాప మీద కూర్చొన్నప్పుడు విన్నదే విన్నది. మళ్లీ ఆ కారులో వినిపించింది. కళ్లు చెమర్చాయి. వాడు చూడకుండా తుడుచుకొన్నాను.

కాబట్టి "కారులో సబ్‌వూఫరు పెట్టించుకోవడం పాపం" అని ఈ టపాలో వ్రాయబోవడం లేదు. (మా వాళ్లు 'ఊఫర్' అంటారు. మంచి తెలుగుమాట చెప్పగలవారు చెప్పండి. 'మంద్రవాణి' అని నాకు తోచింది గాని, ఊళ్లో అంటే నవ్వుతారు.) పాపం మరొకచోట ఉంది. ఆ చోటు చూపడానికే ఈ టపా.

ముందు ఆ యంత్రం సంగతి. మా పక్కనే పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వేరుశనగ తప్ప మరొక పంట ఎరుగని నేలలో కార్లు పుట్టడం చూసిన తరం మాది. ఏ కంపెనీ కారైనా కానీయండి, మామూలు ధరలో వచ్చేదానిలో ఫ్యాక్టరీవారు బిగించి ఇచ్చే స్టీరియో తీరు ఒకటే. తలుపులలో ఆరు, ఆరున్నర అంగుళాల స్పీకర్లు ఉంటాయి. లోపలి చిన్న ఆంప్లిఫయరు ఒక్కొక్క స్పీకరుకు నికరంగా ఇచ్చేది పదిహేను ఇరవై వాట్లు. పెట్టె మీద ఎంత అచ్చువేసినా అంతే. ధ్వని అంటే గాలిని నెట్టడం. స్థాయి దిగేకొద్దీ ఎక్కువ గాలిని నెట్టాలి. 40 హెర్ట్జుల మంద్రధ్వనిని గట్టిగా పలికించాలంటే అరచేయంత కాగితపు పళ్లెం చాలదు. పది, పన్నెండు అంగుళాల పళ్లెం, దానికి తగిన చెక్కపెట్టె, దానిని కదిలించే బలం కావాలి. ఆ పెద్దపళ్లెం సబ్‌వూఫరు. ఆ బలం ఆంప్లిఫయరు.

ఫ్యాక్టరీ స్టీరియోను పీకేయకుండానే ఈ పని చేయవచ్చునట. వెనుక స్పీకర్లకు పోయే తీగలనుంచి ధ్వనిసంకేతాన్ని తీసుకొని, ఒక చిన్న పరికరం ద్వారా దాని బలం తగ్గించి, ఆంప్లిఫయరుకు ఇస్తారు. బ్యాటరీనుంచి ఒక లావు తీగ, బండి ఇనుపచట్టానికి ఒక ఎర్తు తీగ, స్టీరియో వెలిగినప్పుడే ఆంప్లిఫయరు మేలుకొనేటట్లు ఒక సన్నతీగ. సుమారు 80 హెర్ట్జుల పైనున్న ధ్వనులు పెద్దపెట్టెకు చేరకుండా ఒక వడపోత. నికరంగా 500 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయరు పూర్తిబలంతో పలికినప్పుడు బ్యాటరీనుంచి దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో తిరిగే ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. అందుకే ఆ లావు తీగకు బ్యాటరీ పక్కనే, జానెడు రెండుజానల లోపల, ఫ్యూజు ఉండి తీరాలి. అది లేక తీగ ఒరుసుకొని ఇనుమును తాకితే బండి తగలబడుతుంది. బెంగుళూరు జె.సి. రోడ్డులో చేయించుకొన్నా, ఊళ్లోనే బిగించుకొన్నా ఈ ఒక్కటి అడిగి చూసుకోండని నా శిష్యులందరికీ చెబుతున్నాను. పోట్లాడబోయి బోధ మొదలుపెట్టానని నవ్వకండి, వృత్తి దోషం.

ఇక రెండవ సంగతి. మంద్రధ్వని అంటే పరాయిదని, మోటుదని, మన సంస్కృతికి గిట్టనిదని కొందరు పెద్దలు అంటారు. ఇది పచ్చి అబద్ధం. మా అనంతపురం సీమలో ఉరుములవాళ్లు ఉన్నారు. వాళ్ల వాద్యం పేరే ఉరుము. రెండు మూతుల ఆ వాద్యానికి ఒకవైపు తోలును పుల్లతో రాపాడిస్తారు, మరొకవైపు కొడతారు. ఆ రాపిడికి పుట్టే శబ్దం మేఘం మూలిగినట్లే ఉంటుంది. వాన చాటున పడిన ఈ పీఠభూమిలో ఉరుము అంటే భయం కాదు, ఆశ. విత్తనం చేతబట్టుకొని ఆకాశం వైపు చూచేవాడికి అది అన్నం చప్పుడు. అమ్మవారి ముందు ఆ శబ్దాన్ని మోగించినవారు ఎంత లోతు ఎరిగి మోగించారో! వాళ్లను ఊరి అంచున ఉంచి, వాళ్ల వాద్యాన్ని సంగీతశాస్త్రంలో లెక్కకు రానీయనివారు మా పండితులే. ఆ పండితుల వారసుడిని నేను. ఈనాడు మంద్రధ్వనినే మోటు అని తిట్టితే అది పాత తప్పుకు కొత్త తొడుగు వేయడమే. ఆ పని నేను చేయను.

పండితుడికి చెవి ఒకటే ఉండాలన్న నియమమూ లేదు. మా అనంతపురం సీమలోనే రాళ్లపల్లి గ్రామంలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు (1893-1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు. అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీతకళానిధి బిరుదు అందుకొన్నారు. అర్థాన్ని వినే చెవి, నాదాన్ని వినే చెవి రెండూ ఆయనకు ఉన్నాయి. నా గురువులు ఆయన పేరు చెప్పి మాకు బుద్ధి చెప్పేవారు: "మాట విరిగితే పాట లేదు, పాట చెడితే మాట లేదు" అని. ఆ బుద్ధి గుర్తుంది గనుకనే ఇప్పుడు అసలు తగవుకు వస్తున్నాను.

తగవు ఇది. కారు తలుపు లోపల మోగేది సంగీతం. తలుపు దాటి నా ఇంటిలోకి వచ్చేది సంగీతం కాదు. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు, లెక్క. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. 40 హెర్ట్జుల ధ్వని ఒక్క అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మా బడిలో ఒక తరగతిగది పొడవు. 5000 హెర్ట్జుల దగ్గర పలికే సకారపు బుస ఒక్క అల ఏడు సెంటీమీటర్లు, వేలెడు. వేలెడు అలను కారు అద్దం, తలుపు రబ్బరు, ఇంటిగోడ ఆపేస్తాయి. గదంత అలను అవి ఆపలేవు. అది అడ్డంకిని చుట్టి పోతుంది. రేకును, గాజును తనతోపాటు కదిలిస్తుంది. అందుచేత గాయకుడి గొంతు, పాటలోని మాట, వీణ, వేణువు అన్నీ కారులోనే డ్రైవరు దగ్గర ఉండిపోతాయి. వీధికి దక్కేది అడుగున ఉన్న గుద్దు ఒక్కటే.

ఇంతకంటె చెడ్డ పంపకం ఎక్కడైనా ఉందా? పాట నీకు, దెబ్బ మాకు. విందు నీది, విస్తరి ఊడ్వడం మాది. పాత మైకుసెట్టువాడు కనీసం పాట మొత్తాన్ని ఊరి నెత్తిన వేసేవాడు. ఇష్టం లేకపోయినా, అర్థమైనా తెలిసేది. ఈ కొత్త బండి అర్థాన్ని లోపల దాచుకొని శబ్దాన్ని మాత్రమే బయట పారబోస్తోంది. ఉరుములవాడు మోగిస్తే ఎందుకు మోగిస్తున్నాడో ఊరందరికీ తెలుసు. జాతరకొక వేళ, కొలుపుకొక వేళ. వాద్యం బరువును భుజం మోస్తుంది. భుజం అలసితే వాద్యం ఆగుతుంది. ఆంప్లిఫయరుకు భుజం లేదు, అలసట లేదు. వేళ ఏదో అది చెప్పదు. దానిని తిప్పే వేలు చెప్పాలి. ఆ వేలు చెప్పడం లేదన్నదే నా ఫిర్యాదు.

లోపల ఉన్నవాడికైనా పాట నిండుగా దక్కుతోందా అంటే, అదీ లేదు. మన వ్యాకరణంలో అచ్చులకు ప్రాణములని, హల్లులకు ప్రాణులని పేర్లు. ప్రాణము లేక ప్రాణి లేదన్న మాట నిజమే; కాని ప్రాణి లేకపోతే ప్రాణమున్నా దానికి రూపం లేదు. 'కల', 'తల', 'వల' అనే మాటలలో అచ్చులు ఒకటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. ఆ హల్లుల శక్తి చాలా కొద్ది, ఉండేది పైస్థాయిలో. చెవికి ఒక గుణం ఉంది: బలమైన కిందిస్థాయి ధ్వని పైస్థాయి ధ్వనులను కప్పేస్తుంది. పైది కిందిదానిని అంతగా కప్పదు. కాబట్టి ఆంప్లిఫయరు మీద ఉన్న మీటను చివరిదాకా తిప్పి, దానిపైన మళ్లీ బాస్ బూస్టు అనే మీటనూ తిప్పినవాడు వినేది పాట కాదు. హల్లులు ఊడిన పాట. నా శిష్యుడి కారులో మృదంగం విన్న తరువాత సినిమాపాట ఒకటి వాడికి నచ్చినట్లు పెట్టమన్నాను. చరణం మొత్తం విని, "ఏమన్నాడురా?" అని అడిగాను. వాడు నాలుగుసార్లు విన్న పాటే. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. మీటను సగానికి దింపించాను. శకారం, షకారం, సకారం వేరువేరుగా వచ్చి నిలబడ్డాయి. తొప్పి కూడా పోలేదు. "అరే, ఇట్ల కూడా బాగుంది సార్" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద వాడికి ఊష్మాలు నేర్పలేకపోయాను. కారులో నేర్పాను.

పెద్దధ్వనులవలన వినికిడి చెడేటప్పుడు మొదట దెబ్బతినేది సుమారు 4000 హెర్ట్జుల ప్రాంతం. హల్లులలో చాలావాటికి అదే నివాసం. అంటే ముప్పై ఏళ్లకే మాట సగం వినబడని చెవులను కొందరు డబ్బిచ్చి కొనుక్కొంటున్నారు. అరవై దాటిన నాకు ఆ లోపం వయసు ఉచితంగా ఇచ్చింది. దాని రుచి తెలిసి చెబుతున్నాను, తొందరపడకండి.

ఇక చట్టం. శబ్దకాలుష్యం మీద కేంద్రప్రభుత్వం 2000లో నియమాలు చేసింది. నివాసప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. వ్యాపారప్రాంతంలో 65, 55. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నూరు మీటర్లకు తగ్గకుండా ప్రకటించే నిశ్శబ్దమండలంలో 50, 40. పగలు అంటే ఉదయం ఆరునుంచి రాత్రి పదివరకు. ఇవి మంచి అంకెలే. దోషం అంకెలో లేదు, కొలపాత్రలో ఉంది. ఈ డెసిబెళ్లను 'ఏ' తూకం అనే పద్ధతిలో కొలుస్తారు. మెల్లని ధ్వనులు వినేటప్పుడు మన చెవి కిందిస్థాయికి మందంగా ఉంటుంది. ఆ మందాన్ని అనుకరించి తయారు చేసిన తూకం అది. 40 హెర్ట్జుల దగ్గర అది దాదాపు 35 డెసిబెళ్లు కోసేస్తుంది. అంటే 40 హెర్ట్జుల గుద్దు నిజంగా 90 డెసిబెళ్లు ఉన్నా మీటరు మీద 55 అని కనబడుతుంది. సరిగ్గా పగటి హద్దు! అధికారి వచ్చి మీటరు చూచి, "అంతా సక్రమమే" అని వ్రాసుకొని పోవచ్చు. అద్దాలు అదురుతూనే ఉంటాయి. చెవి మందమే కావచ్చు. కిటికీ అద్దానికి, మంచానికి, మనిషి రొమ్ముకు ఆ మందం లేదు కదా.

ఇంకా వినండి. పగటిపూట పౌరుడు ఈ నియమాల కింద ఫిర్యాదు చేయాలంటే శబ్దం హద్దుకు పైన మరొక పది డెసిబెళ్లు దాటి ఉండాలి. మన గుద్దుకు ఆ లెక్క వేస్తే నూరు డెసిబెళ్లు అవుతుంది. పైగా హద్దులు కొంతకాలపు సగటుకు పెట్టినవి; సందులోనుంచి అర నిమిషంలో పోయే కారు ఆ సగటులో కరిగిపోతుంది. కిందిస్థాయి ధ్వని ప్రధానంగా ఉన్నచోట 'ఏ' తూకం తగదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లోనే తన మార్గదర్శకాలలో చెప్పింది. 'సీ' తూకం అని మరొకటి ఉంది. అది 40 హెర్ట్జుల దగ్గర కోసేది రెండు డెసిబెళ్లే. ఈ రెండు తూకాలలో కొలిచి, తేడా పదికి మించితే ధ్వనిని స్థాయిలవారీగా విడదీసి పరీక్షించాలని ఆ సంస్థ సూచన. మన నియమాలు 2000లో వచ్చాయి. అంతకు ముందటి ఏడు వచ్చిన ఈ సూచనకు వాటిలో చోటు దొరకలేదు.

2010లో నియమాలను సవరించినప్పుడు ఒక మంచిమాట చేర్చారు: ప్రైవేటు వ్యక్తుల ధ్వనిపరికరాల శబ్దం, ఆ ప్రైవేటు స్థలపు సరిహద్దు దగ్గర, ఆ ప్రాంతపు హద్దును ఐదు డెసిబెళ్లకంటె మించరాదు. ఇంటికైతే సరిహద్దు ప్రహరీగోడ. వీధిలో తిరిగే కారుకు సరిహద్దు ఏది? నన్నడిగితే క్షణం ఆలోచించకుండా చెబుతాను: కారు తలుపు. తలుపు లోపల నీ రాజ్యం. తలుపు బయట నేనూ ఉన్నాను.

సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు ధ్వనివర్ధకాల నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. మాట్లాడే హక్కు ఒకరికి ఉన్నట్లే, వినడానికి ఇష్టపడకుండా ఉండే హక్కు మరొకరికి ఉందని ఆ తీర్పు సారం. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. సంతోషమే. కాని డీజే బండి పండుగకు వస్తుంది, వచ్చేముందు అనుమతి అడగాలి, ఎవరిదో ఊరికి తెలుసు. డిక్కీలో దాగిన డీజేకు పండుగ లేదు, అనుమతి లేదు, ఊరేగింపూ లేదు. ప్రతిదినమూ పెళ్లే.

ఇక నాకు వచ్చే ఎదురుమాటలు. ముందే తెలుసు గనుక ముందే జవాబు.

"నా కారు, నా డబ్బు, నా ఇష్టం." కారు నీదే. దాని లోపలి గాలి కూడా నీదే అనుకో. మా అరుగు మీది గాలి నీది కాదు.

"గుళ్లో మైకు పెడితే మాట్లాడరు, మసీదు మైకుకు మాట్లాడరు, నాయకుడి సభకు మాట్లాడరు, పేదపిల్లవాడు కారులో పాట పెడితేనే మీ చెవులు నొప్పి పుడతాయా?" ఇది బలమైన మాట. దీనికి తల వంచుతున్నాను. ఎన్నో ఏళ్లు ఆగస్టు 15న, బడి వార్షికోత్సవాలకు, బడి ఆవరణలోని చింతచెట్టుకు రేకుబూరలు కట్టించినవాడిని నేనే. చుట్టుపక్కల ఇళ్లలో రోగులున్నారా, పసిపిల్లలున్నారా అని ఒక్క ఇంటికి పోయి అడిగినవాడిని కాను. దేశభక్తి గీతం కనుక అందరూ వినవలసిందే అనుకొన్నాను. ఈనాటి కుర్రవాడు తన పాట అందరూ వినవలసిందే అనుకొంటున్నాడు. పాఠం చెప్పింది మేమే. కాబట్టి దించవలసినది వాడి మీట ఒక్కటే కాదు. గుడిబూర, బడిబూర, సభబూర అన్నీ దించాలి. మాది దించకుండా వాడిది దించమంటే ఆ మాట చెల్లదు.

"ముసలివాళ్లకు కుర్రవాళ్ల సంతోషం కిట్టదు." కిట్టకపోతే కారులో కూర్చొని కన్నీళ్లు పెట్టుకోను. వానలు లేక, చేతికి పని లేక, బెంగుళూరులో ఎవరి బండో తోలి తోలి, చివరకు తన బండి తాను కొనుక్కొని ఊరికి వచ్చినవాడు "నేను వచ్చాను" అని చాటుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు ఎవరూ వినని గొంతు వాడిది. వినిపించు నాయనా, నీ గొంతు వినిపించు. కాని ఆ పెట్టెలోనుంచి వస్తున్నది నీ గొంతు కాదు. అంగడిలో కొన్న గుద్దు. అది నీ పేరు చెప్పదు, నీ కష్టం చెప్పదు. వీధిలో వాళ్లు నిన్ను గుర్తుపట్టడం లేదు, తలుపులు మూసుకొంటున్నారు.

కనుక నేను అడిగేవి నాలుగే.

ఊఫర్లు బిగించే మేస్త్రీలారా: బిగించిన తరువాత మీటను చివరికి తిప్పి దుకాణం ముందు అదరగొట్టి చూపడం మానండి. అది నైపుణ్యం కాదు. మాట స్పష్టంగా వినబడుతూ, తొప్పి కూడా పలికే చోట మీటను నిలపండి. ఫ్యూజు మరువకండి.

కారున్న కుర్రవాళ్లారా: ఊరు చేరగానే, సందు మలుపులో, మీట దించండి. మీరు వినే పాటలో ఒక చరణం మాటలు తప్పు లేకుండా చెప్పగలరేమో పరీక్షించుకోండి. చెప్పలేకపోతే దోషం కవిది కాదు.

ప్రభుత్వమా: నీ మీటరుకు 'సీ' తూకం కూడా నేర్పు. నీ కొలపాత్రకు అందనంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకపోదు.

పెద్దలారా: ముందు మన బూరలు దించుదాం. ఆ తరువాత కారు అద్దం మీద కొట్టే అర్హత మనకు వస్తుంది.

నా శిష్యుడు మాట నిలబెట్టుకొన్నాడు. వాడి తెల్లకారు ఇప్పుడు మా సందులో మామూలు కారులాగానే పోతుంది. మిగిలినవి మరో మూడు నాలుగు ఉన్నాయి. వాటిని నడిపేవారు నా శిష్యులు కారు, కాబట్టి నా దగ్గర చదువు లేదు, చనువూ లేదు. ఆ అమ్మాయికి మార్చిలో పరీక్షలు. సాయంత్రం ఆరింటికి వస్తుంది, ఎనిమిదింటికి పోతుంది. ఉన్నది ఆ రెండు గంటలే. నిన్న సీసం నాలుగు పాదాలూ అప్పజెప్పింది. ఎత్తుగీతి మొదలుపెట్టగానే గూట్లో లోటాలు మళ్లీ గలగలమన్నాయి.

ఈసారి ఆమె ఆగలేదు. గొంతు పెంచి చదివింది. నేను మెచ్చుకోవాలో, నొచ్చుకోవాలో తెలియక కూర్చొన్నాను. పద్యం గొంతు చించుకొని చదివేది కాదు మరి. ఊరందరికీ గొంతు పెంచడమే నేర్పుతున్నాము. దించడం ఎవరైనా మొదలుపెట్టాలి.

స్వస్తి.